కాకర పందిరికి మూడు కోతల గడువు

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లే రోడ్డుకు కాస్త లోపలగా మా అరెకరం కాకర పందిరి ఉంది. ఆ వేసవిలో రోజు విడిచి రోజు కోత. పది కాయలు కోస్తే ఐదింట్లో పురుగు. పండు ఈగ లేత పిందెను పొడిచి గుడ్లు పెడుతుంది. పొడిచిన చోట చిన్న బంక బొట్టు నిలుస్తుంది. నాలుగు రోజులకు కాయ వంకరపోయి, పసుపెక్కి రాలిపోతుంది.

దీనికి బాపు దగ్గర ఒకటే విరుగుడు: కోతకు ముందు పందిరి మొత్తానికి ఘాటు మందు. కిందటిసారి అలా కొట్టాక కాయలు కోసిన అవ్వకు మోచేతుల దాకా బొబ్బలు లేచాయి. నేను బడికి పోయే రోజుల నుంచీ మా పొలంలో కూలి పని చేస్తున్న మనిషి ఆమె. అందుకే ఈసారి మందు వద్దని అడ్డుపడ్డాను. డబ్బాల్లో వాసన ఎర పెట్టి ఈగల్ని పడదామన్నాను.

"మూడు కోతలు చూస్త," అన్నాడు బాపు. "మూడో కోత నాడు గిట్లనే ఉంటె మందు పంపు నేనే ఎత్తుకుంట. మళ్ల నోరు తెరువొద్దు."

చేవెళ్లలో మందుల దుకాణానికి వెళ్లి పండు ఈగ ఎర అడిగాను. లవంగం లాంటి వాసన ఉన్న చెక్క బిళ్లలు ఇచ్చారు. ఆ వాసనకు మగ ఈగలు వచ్చి డబ్బాలో చస్తాయి. మగవి లేకపోతే ఆడవి పెట్టే గుడ్లలోంచి పురుగు రాదు. ఆరు డబ్బాలకు నంబర్లు వేసి, ఎత్తూ దూరమూ కొలిచి పందిట్లో కట్టాను.

మర్నాటికి ఒక్కో డబ్బాలో గుప్పెడు ఈగలు. బాపు చూసి, పక్క జామతోట ఆసామిని పిలిచి మరీ చూపించాడు. "మావోడు పెట్టిండు. ఇగ ఈగనేది ఉండది."

మొదటి కోతలో తేడా లేదు. ముందే పెట్టిన గుడ్లు కదా అని సరిపెట్టుకున్నాను. రెండో కోతలోనూ పదికి ఐదు. డబ్బాలు మాత్రం నిండుతూనే ఉన్నాయి. రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకుని చూశాను. ఎంతకూ పొంతన కుదరలేదు.

అవ్వ కోత ఆపి నా దగ్గరికి వచ్చి, మూడో డబ్బా విప్పి గోనెపట్ట మీద గుమ్మరించమంది.

"ఇవి నల్లగున్నయ్ కొడుకా. మన కాయ మీద వాలేది ఎర్రగుంటది, రెక్క కొసకు మచ్చ ఉంటది. గదిగో, సూడు."

చూశాను. కాయ మీద కూర్చున్న ఈగ వేరు. గోనె మీది ఈగలు వేరు.

"ఇవి జామతోటయి. పెండ్లి మనింట్ల, పిలిచింది పక్కోళ్ల సుట్టాలనా?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. బిళ్లల పొట్లం తీసి చదివాను. మామిడి, జామ, సపోట అని ఉంది. తీగ పంటల ఈగకు ఎర వేరే. డబ్బా ఎంత ఎత్తులో కట్టాలో రెండుసార్లు చదివినవాణ్ని, పంట పేరు చదవలేదు.

ఇక మిగిలింది రెండు రోజులు. సరైన ఎర శంకర్‌పల్లిలో దొరికింది. అదే రోజు బిళ్లలు మార్చాను. కానీ మగ ఈగలు తగ్గిన ఫలితం తెలియాలంటే వారాలు పడుతుంది. గుడ్లు పెట్టే ఆడ ఈగ తిండి వాసనకు వస్తుంది. మిగలపండిన అరటిపండ్లు బెల్లం నీళ్లలో పిసికి, పులిశాక రెండు చుక్కల మందు కలిపి, కోసిన నీళ్ల సీసాల్లో పోసి పందిరి అంచున వేలాడదీశాను. రాలిన కాయలన్నీ అవ్వ ఏరి సంచుల్లో మూతి కట్టి ఎండలో పడేసింది. అప్పుడే పూత వాడిన ఇరవై పిందెలకు నేను ఎర్ర దారం కట్టాను.

మూడో కోత నాడు పొద్దున్నే బాపు పంపు వీపుకెత్తుకుని వచ్చాడు. మందు కలిపే తెచ్చాడు. అవ్వ గట్టు మీదే కూర్చుంది.

"బాపూ, మొదలు పెట్టిన ఎర తప్పు. అందుల పడ్డయి జామ ఈగలు."

"మరి నేను ఊరంత చెప్పుకున్న గదరా!"

"కాయల పోటు పాతది. దారం కట్టిన పిందెలు చూడు."

"గడువు పెట్టింది కాయలకు. పిందెలకు గాదు." పంపు పిడి మీద చెయ్యి వేశాడు.

"జర సూడు పటేలా," అంది అవ్వ. "కాయ మొన్నటిది, పిందె ఇయ్యాల్టిది."

బాపు వీపు మీది పంపుతోనే పందిరి కిందికి వంగాడు. ఒక్కో దారం దగ్గరా ఆగి, పిందెను తిప్పి వేలితో తడిమాడు. నేను వెనక నడుస్తూ లోపల లెక్కపెట్టాను. వరసగా ఐదు శుభ్రంగా ఉన్నాయి. ఆరోదానికి బంక బొట్టు. తొమ్మిదోదానికీ. చివరికి ఇరవైలో పోటు పడ్డవి నాలుగు.

ఆయన పందిరి కింది నుంచి బయటికి వచ్చాడు. తర్వాత పంపు దించి గట్టు మీద పెట్టాడు. మందు పారబోయలేదు.

"ఇంక రెండు కోతలు. ఇది గీడనే ఉంటది."

అవ్వ లేచి, రవిక చేతులు పైకి మడుచుకుని, తీగల్లోకి చెయ్యి పెట్టింది.