ఎక్సెస్ అంటే ఎక్కువ

ఆ రోజుల్లో ఎస్సెల్సీ పాసైనవాడికి నెత్తిమీద కొమ్ములు మొలిచేవి. నాకు కాస్త పొడవుగానే మొలిచాయి. నరసరావుపేటలో మా పెదమామయ్య ఇంటికి ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా (తలనొప్పి మాత్రల పొట్లంతో సహా) నేను చదివి అర్థం చెప్పేదాకా ఎవరూ ముట్టుకునేవారు కాదు. మామయ్యకు ఒక పాత కారు ఉండేది. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క కొట్టంలో పడి ఉండి, యుద్ధం అయ్యాక మళ్ళీ రోడ్డెక్కింది. పెళ్ళివారినీ, రోగులనూ, గురజాల కోర్టుకు ఆలస్యమైన వాది ప్రతివాదులనూ (ఒక్కోసారి ఇద్దరినీ ఒకే సీట్లో) మోసేది. అది ఏడాదంతా తిరిగి నాలుగు డబ్బులు మిగిలిస్తే నన్ను గుంటూరు కాలేజీలో చేర్పిస్తానని మామయ్య మాటిచ్చాడు. అంచేత ఆ కారు మీద నాకున్న భక్తి దేవుడి మీద కూడా ఉండేది కాదు.

ఇంతలో బళ్ళకు ఇన్సూరెన్సు ఉండి తీరాలని రూలొచ్చింది. మద్రాసు కంపెనీ ఒకటి పోస్టులో రెండు రకాల పాలసీ కాగితాలు పంపింది. మన బండికి తగిలే దెబ్బలకు కూడా రెండూ డబ్బిచ్చేవే. మొదటిదానికి ఏటా కట్టాల్సింది ఎక్కువ. రెండోదానికి అందులో సగమే, పైగా కింద ‘ఎక్సెస్ రెండు వందల రూపాయలు’ అని ఉంది. నిఘంటువు తీశాను. ఎక్సెస్ అంటే ఎక్కువ, అధికం, మిగులు. ఇంకేం కావాలి?

“రెండోదే మనకు లాభం మామయ్యా. కట్టేది సగం. బండికి దెబ్బ తగిలితే రిపేరు డబ్బులిచ్చి, పైన రెండు వందలు ఎక్కువిస్తారు,” అన్నాను.

“పైనెందుకు ఇస్తార్రా?”

“మనం పడ్డ బాధకి.”

కారు కింద పడుకుని పనిచేస్తున్న స్పానర్ సాయిబు (ఊళ్ళో బళ్ళన్నిటికీ ఆయనే వైద్యుడు) తల బయటికి పెట్టాడు. “తక్కువ పుచ్చుకుని ఎక్కువిచ్చేవోడు కంపెనీ ఎందుకు పెడతాడబ్బాయ్? ఇంకోసారి చదువు.”

“ఇంజను నువ్వు చూసుకో బాబాయ్, ఇంగ్లీషు నేను చూసుకుంటాను,” అన్నాను. మామయ్య నా వంక గర్వంగా చూసి సంతకం చేశాడు.

నాలుగు నెలలు తిరక్కుండానే నకరికల్లు దాటాక ముందు పోతున్న నాపరాళ్ళ బండి ఉన్నట్టుండి ఆగింది. మామయ్య బ్రేకు తొక్కాడు. అది కాసేపు ఆలోచించుకుని పట్టింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు గానీ రేడియేటరు పగిలి, మడ్గార్డు అప్పడంలా మడత పడింది. మామయ్య మాత్రం ఇంటికి నవ్వుతూ వచ్చాడు. “ఒరేయ్, తగిలిందిరా,” అన్నాడు. రాబోయే రెండు వందలను తలుచుకుని గుంటూరు నుంచి కొత్త హారను కూడా తెప్పించాడు. సాయిబు రేడియేటరు మార్చి, కొత్త మడ్గార్డుతో కలిపి ఖర్చు నూట తొంభై అని రాసిచ్చాడు. ఆ కాగితం మద్రాసు పంపాం.

జవాబొచ్చింది. ఈసారి నిఘంటువు అక్కర్లేనంత సులువైన ఇంగ్లీషు. ఎక్సెస్ అంటే కంపెనీ ఇచ్చేది కాదు, దెబ్బ తగిలినప్పుడు ముందుగా మనం భరించాల్సింది. మన ఖర్చు రెండు వందల లోపే కనుక వాళ్ళిచ్చేది ఏమీ లేదు.

“రాశారా?” అన్నాడు మామయ్య.

“రాశారు.”

“ఎంత రాశారు?”

“చానా రాశారు మామయ్యా.”

చివరికి చెప్పక తప్పలేదు. సాయిబు బాబాయి కారు కిందికి దూరిపోయాడు. తిట్టినా బాగుండేది. రెండు రోజులు మామయ్య నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే వెళ్ళి, “ఈ ఏడు కాలేజీ వద్దులే మామయ్యా,” అన్నాను (కాదంటాడేమోనని ఆశ).

“ఎట్టా కుదురుద్దిరా? సగం ఇంగ్లీషుతో నిన్ను ఇంట్లో పెట్టుకుంటే ఈసారి ఇల్లు కూడా రాయించేస్తావు. పోయి మిగతా సగం నేర్చుకో,” అన్నాడు.

హారను అమ్మేశాడు. కొత్త మడ్గార్డు వద్దన్నాడు. పాతదాన్నే సాయిబు బాబాయి సుత్తితో సాపుచేసి ఇనుపతీగతో కట్టాడు. ఆ కారులోనే గుంటూరు బయల్దేరాం. దారి పొడుగునా మడ్గార్డు టపటపా కొట్టుకుంటూనే ఉంది. కాలేజీ గేటు కనపడింది. “ఇక్కడే దిగుతా మామయ్యా. లోపలికి బళ్ళు రానియ్యరంట,” అన్నాను. మా కళ్ళ ముందే రెండు కార్లు లోపలికి పోయాయి. మామయ్య వాటిని చూశాడు, నన్ను చూశాడు. “అట్టాగేరా,” అని నా పెట్టె దించాడు. ఇంజను ఆపితే మళ్ళీ అందుకోదని భయం. అందుకని చప్పుడు కాకుండా మడ్గార్డును చేత్తో అదిమి పట్టుకుని, నేను గేటు దాటేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కళ్ళూ చెమరుస్తాయి. ఆ కుర్రాడు ఎదురుపడితే చెవి మెలిపెట్టి మామయ్య దగ్గరికి వెనక్కి పంపాలని ఉంటుంది. వాడు నా మాట వింటాడని నమ్మకం లేదు. అప్పటికే వాడికి అన్నీ తెలుసు.