నాయినకు దూప తీర్చని మూడు రోజులు

చావు బతుకుల్లో ఉన్న తండ్రి నోట్లో చుక్క నీళ్ళు పోయనివ్వని కూతుర్ని నేనే. మా ఊళ్ళో ఇప్పటికీ నన్ను గుర్తుపట్టేది ఆ మాటతోనే. మొదట్లో తిట్టుగా అన్నారు, తరువాత గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. తిట్టుగా అన్నప్పుడు కూడా నేను సిగ్గుపడలేదు.

మాది ఆత్మకూర్ దగ్గర, కృష్ణ ఒడ్డుకు కాస్త ఇవతల ఒక ఊరు. గొర్లు కాసే ఇల్లు. ఆ ఇంట్లోంచి నర్సు చదువుకు పోయిన మొదటి మనిషిని నేను. రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్లగొండలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చేరాను. అక్కడికి పోచంపల్లి నుంచి ఒక ముసలామె, మగ్గం నేసే ఇంటి మనిషి, వాంతులతో వచ్చింది. మూడో రోజు పొద్దున ఆమె కొడుకు "మా అమ్మ ఇయ్యాల మంచిగ నిద్రపోతున్నది సిస్టర్" అన్నాడు. నేనూ సంతోషించాను. దుప్పటి కూడా సరిచేసి వచ్చాను. మధ్యాహ్నం రక్త పరీక్ష కాగితం వచ్చేసరికి ఆమె లేదు.

ఆ కాగితంలో సోడియం బాగా పడిపోయి ఉంది. సోడియం అంటే మన రక్తంలో ఉండే ఉప్పే. అది తగ్గితే మెదడులోకి నీరు చేరి ఉబ్బుతుంది. మనిషి మొదట తికమకగా మాట్లాడతాడు, తరువాత మత్తులోకి జారతాడు, ఫిట్స్ వస్తాయి, పోతాడు. ఇదంతా నేను చదువుకున్నదే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కళ్ళముందు పడుకున్న మనిషిలో మాత్రం చూడలేకపోయాను. ఆ తరువాత ఏ వార్డులో పనిచేసినా నా కన్ను ముందు ఆ అంకె మీదికే పోయేది. జ్వరంతో వచ్చినవాళ్ళు కానీ, కాలు విరిగి వచ్చినవాళ్ళు కానీ, ఆ అంకె దిగిపోయినవాళ్ళు చేయి జారిపోవడం నేను చాలాసార్లు చూశాను. "మంచిగ నిద్రపోతున్నడు" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక మా నాయిన సంగతి. నేను పాలమూరుకు వచ్చి పెద్ద దవాఖానలో కుదురుకున్నాక, ఆయనకు బీపీ ఉందని తేలింది. గోళీలు రాశారు, మూత్రంతో పాటు ఒంట్లో ఉప్పునూ పోయించే రకం. ఉప్పు సంగతి అమ్మకు చెప్పే పని నాది. తగ్గించమనే చెప్పాను. కానీ నా గొంతు సంగతి నాకు తెలుసు, ఇంటికి పోతే కూడా వార్డులో అరిచినట్టే అరుస్తాను. అమ్మకు అది బంద్ చేయమన్నట్టు వినపడింది. కూరలో ఉప్పు లేదు, మజ్జిగలో లేదు, తొక్కు గిన్నె ఆయన కంటికి కనపడకుండా దాచేసింది. మా అమ్మ ఏదైనా పట్టుకుంటే అంతే. ఆయన ఎనిమిది నెలలు ఆ చప్పిడి కూడు తిన్నాడు. నాకు ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోవడం కూడా ఒక రోగమేనని అప్పుడు నాకు తట్టలేదు.

అలా ఉండగా మందలోని పెద్ద పొట్టేలు ఆయన్ను వెనక నుంచి పొడిచింది. తుంటి ఎముక విరిగింది. నలభై ఏళ్ళు గొర్లు కాసిన మనిషిని సొంత పొట్టేలు పొడిచిందంటే ఎంత నామోషీ! కాలు జారి పడ్డానని అందరికీ చెప్పాడు. మా దవాఖానలోనే ఆపరేషన్ చేశారు. బాగానే అయింది.

ఆపరేషన్ మరునాటి నుంచి చుట్టాలు దిగారు. మావాళ్ళలో మంచం పట్టిన మనిషిని చూడబోతే ఉత్త చేతులతో పోరు, కొబ్బరిబొండం పట్టుకుపోతారు. తెచ్చినవాళ్ళు తమ చేతితోనే తాగించాలి. తాగకపోతే చిన్నబోతారు. మా నాయినకేమో ఎవరినీ చిన్నబుచ్చే అలవాటు లేదు. ఆత్మకూర్ నుంచి వచ్చినవాళ్ళు, కొత్తకోట నుంచి వచ్చినవాళ్ళు, మా మేనత్త, ఆమె వియ్యాలవారు, అందరి చేతా తాగాడు. మధ్యమధ్య దూపంటే అమ్మ చెంబెడు మంచినీళ్ళు ఇచ్చేది. నేను అదే దవాఖానలో వేరే అంతస్తులో డ్యూటీలో ఉన్నాను. పొద్దున ఒకసారి వచ్చి కట్టు చూసి పోయేదాన్ని. మంచం కింద పేరుకున్న బొండాలను చూసి, మా నాయినకు ఎంతమంది ఉన్నారో అని మురిసిపోయాను కూడా.

మూడో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి వార్డంతా నవ్వుతోంది. నాయిన మంచంలోంచే మందను అదిలిస్తున్నాడు. "నన్ను పొడిచింది గా నల్ల పొట్టేలే, పట్టున్రి దాన్ని" అని అందరికీ చెబుతున్నాడు. అసలు సంగతి బయటపడిందని నేనూ నవ్వాను. నవ్వి డ్యూటీకి పోయాను. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న నర్సును, తండ్రి అనేసరికి మామూలు కూతురిలాగా నవ్వాను.

మధ్యాహ్నం అన్నం వేళకు మళ్ళీ వచ్చాను. మా మేనత్త గుమ్మంలోనే ఎదురొచ్చి "లేపకు బిడ్డా, మీ నాయిన మంచిగ నిద్రపోతున్నడు" అంది. పరుగెత్తి భుజం పట్టి కుదిపితే కళ్ళు తెరిచి మళ్ళీ మూశాడు. నేనే రక్తం తీసి, నేనే పరీక్షల గదికి పట్టుకుపోయి, కాగితం వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. నూట ముప్పై అయిదుకు పైన ఉండవలసిన అంకె నూట పదమూడు ఉంది. నేను కాగితంతో డాక్టరు సారు దగ్గరికి పరుగెత్తాను. ఆ కాసేపట్లోనే నాయినకు ఫిట్స్ వచ్చాయి.

సారును వెంటబెట్టుకుని వచ్చి చూద్దును కదా, మంచం చుట్టూ చుట్టాలు వరసగా నిలబడి ఉన్నారు. ఫిట్స్ చూసి ఆఖరి ఘడియ అనుకున్నారు. మా పెద్దనాయిన, నాయినకు స్వయాన అన్న, ఊరికి తీసుకుపోవడానికి అప్పటికే బండి పిలిపించాడు. తమ్ముడి ప్రాణం ఇంటి గడప చూసి పోవాలని ఆయన పట్టుదల. అంతకు ముందు అందరూ తలా ఒక చెంచాడు నీళ్ళు నోట్లో పోయాలి. పుష్కరాలప్పుడు తెచ్చి దాచుకున్న కృష్ణ నీళ్ళను మేనత్త సీసాతో సహా వెంట తెచ్చింది. ఆమెకు ఎందుకో ముందే అనుమానంగా ఉండిందట. ఇత్తడి గ్లాసు నిండా ఆ నీళ్ళు, పెద్దనాయిన చేతిలో చెంచా.

గోళీలూ చప్పిడి కూడూ కలిసి ఒంట్లో ఉప్పు తగ్గిస్తే, ఈ మూడు రోజుల బొండాలు మిగిలినదాన్ని పలచన చేశాయి. ఆయన్ను ముంచుతున్నది నీళ్ళే. అందరూ ప్రేమగా తెచ్చింది మళ్ళీ నీళ్ళే. పైగా స్పృహ సరిగా లేని మనిషి నోట్లో పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నేను గ్లాసు లాక్కున్నాను. పారబోద్దామంటే కృష్ణ నీళ్ళు, చేయి రాలేదు. పక్కన పెడితే ఇంకొకరు అందుకుంటారు. ఏం తోచక ఎత్తి గటగటా నేనే తాగేశాను.

పోయే మనిషికి తెచ్చిన నీళ్ళు కూతురు తాగడం ఎవరూ కని విని ఎరగరు. ముందుగా తేరుకున్నది పెద్దనాయినే.

"కన్నతండ్రికి ఆఖరి సుక్క దక్కనియ్యవా? నువ్వేం బిడ్డవే?"

"దక్కనియ్య. మా నాయిన నాకు బతకాలె. ఒంట్ల నీళ్ళు ఎక్కువై ఉప్పు తక్కువైంది పెద్దనాయినా, గందుకే గిట్లయిండు."

"ఉప్పు తక్కువైతే ఉప్పే పొయ్యి మరి! గుప్పెడు ఉప్పు నీళ్ళల్ల కలిపి పోస్తే అయిపాయె."

"గట్ల ఒక్కసారి పెంచితే మెదడు ఖరాబైతది. జర జర పెంచాలె."

ఆయన నమ్మలేదు. "రోగం ఉప్పంటది, ఉప్పు పొయ్యద్దంటది. గీ చదువులన్ని గిట్లనే ఉంటయి. లేపున్రి, పోదాం" అని నలుగురిని పిలిచాడు. సారు చెప్పబోతే వినేవాళ్ళు లేరు. తీసుకుపోతామని సంతకం పెడితే ఆపే హక్కు ఎవరికీ ఉండదు. ఆ సంతకం పెట్టవలసింది అమ్మ. అందరూ అమ్మ వైపు తిరిగారు.

అమ్మ అప్పటిదాకా మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. లేచి కొంగు దోపుకుంది.

"బావా, జర ఆగు" అంది. "ఎండకాలమంత ఉప్పు దొరకని జీవాలకు ఒక్కసారె ఉప్పు గంప ముందర పెడితే ఏమైతది?"

పెద్దనాయినా గొర్లు కాసినవాడే.

"సస్తయి. సిటికెడు సిటికెడు నాకిపిచ్చుకుంట పోతం. నా బిడ్డ గదే చెప్తున్నది. బండి ఎనుకకు పంపున్రి."

మా కాలేజీలో ఆ పాఠం మాకు రెండు గంటలు చెప్పారు. మా అమ్మ బడి ముఖం చూడలేదు. ఆ క్షణంలో, అంత భయంలో కూడా, ఈమె కడుపున పుట్టినందుకు నాకు ఛాతీ పొంగింది. ఇది రాస్తుంటే ఇప్పుడూ పొంగుతోంది.

నాయినను ఐసీయూకు మార్చారు. ఆ బీపీ గోళీ ఆపేశారు. గాఢమైన సెలైన్ కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, గంటలు లెక్కపెట్టుకుంటూ రక్తం పరీక్ష చేశారు. మరునాటికి కళ్ళు తెరిచాడు. తెరిచిన దగ్గర్నుంచి ఒకటే మాట, దూప. సారు రోజు మొత్తానికి ఇంత అని నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు. అమ్మ ఒక సీసా తెచ్చి దానికి మూడు చోట్ల నల్లదారం కట్టింది. పొద్దుటికి పై దారం దాకా, పగటికి నడుమ దారం దాకా, మాపటికి కింది దారం దాకా. దారం దాటి ఒక్క చుక్క ఇవ్వలేదు. నాయిన బతిమాలాడు, తిట్టాడు, ఒకసారి ఏడ్చాడు. నలభై ఏళ్ళలో ఆయన ఏడవడం అమ్మ చూడలేదట. తడిగుడ్డతో పెదాలు తుడిచేది తప్ప లొంగలేదు. బొండాలతో వచ్చిన చుట్టాలను బయట బల్ల మీదే కూర్చోబెట్టి, వాళ్ళు తెచ్చినవి వాళ్ళ చేతనే తాగించి పంపింది. నేను అరిచి చేసే పని ఆమె గొంతు పెంచకుండా చేసింది. పెద్దనాయిన మాత్రం రాలేదు. ఊళ్ళో ఏమంటున్నాడో మా మేనత్త వచ్చి పూస గుచ్చినట్టు చెప్పి పోయేది.

మూడో రోజుకు అంకె నూట ముప్పై దగ్గరికి వచ్చింది. సారు మతి సరిగా ఉందో లేదో చూడాలని "ఎట్లా పడ్డావు పెద్దాయనా?" అని అడిగారు.

"కాలు జారింది సారూ" అన్నాడు నాయిన తడుముకోకుండా.

"మతి వచ్చింది సారూ" అంది అమ్మ. "అబద్ధమాడుతున్నడు."

ఆ పూట దారం లెక్క తీసేయమన్నారు. అమ్మ గ్లాసు నిండా నీళ్ళు పోసి, తల కింద చేయి పెట్టి లేపి తాగించింది. ఆయన తాగుతున్నంతసేపూ చూసింది. తరువాత బయటికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

"అయిపోయింది కదనే అమ్మా, ఇగ ఫికర్ లేదు" అన్నాను.

"ఆయన పోయి ఉంటే, దూప దూప అనుకుంట నా చేతులనే పోయెటోడు" అంది. "నీళ్ళియ్యక మొగన్ని సంపుకున్నదని ఊరంత అంటుండె. నేను గూడ గదే అనుకుందును, సచ్చేదాంక."

ఆ మాట నాకు అప్పటిదాకా తోచలేదు. నా చేతిలో కాగితం ఉంది, అంకె ఉంది, ఎక్కుతోందో దిగుతోందో చూసుకోవడానికి. ఆమె చేతిలో ఏముంది?

"మరి ఎట్ల పట్టుకొని కూసున్నవే అమ్మా?" అని అడిగాను.

"నీ కాయితం నాకు సదవరాదు గద. నువ్వు వచ్చినప్పుడల్ల నీ మొఖం చూసుకున్న. దాంట్ల బయం లేకుండె. గంతే, కూసున్న."

ఆ మూడు రోజులూ లోపలికి పోయే ముందు ప్రతిసారీ నేను తలుపు బయట నిలబడి, కళ్ళు తుడుచుకుని, ముఖం సరిచేసుకుని పోయాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.