దేవుని గురిగి

మా మొదటి బిడ్డ చనిపోయిన మూడో రోజున ఒకామె పరామర్శకు వచ్చింది. మొయినాబాద్ పక్కన ఉన్న మా వాడలో గట్టిగా ప్రార్థన చేస్తుందని ఆమెకు పేరు. నా పక్కన కూర్చుని, తల నిమిరి, "ఏం జేస్తవు బిడ్డా, నీకు జర విశ్వాసం తక్కువైంది. గట్టి విశ్వాసముంటే పిల్ల దక్కుతుండె" అంది. ఆమె చెడ్డమనిషేమీ కాదు. మా ఇంట్లో పొయ్యి వెలగలేదని తెలిసి జొన్న రొట్టెలు కట్టుకొచ్చింది. రొట్టెలు అరిగిపోయాయి గాని ఆ మాట మాత్రం అరగలేదు.

అప్పటికి నాకు పదహారో పదిహేడో ఏళ్లు. పుట్టిల్లు చేవెళ్ల. మా నాయన అక్షరాలు నేర్చిన మనిషి, నాకూ నేర్పాడు. కీర్తనలు పుస్తకం చూడకుండా పాడేదాన్ని, అడిగినవాళ్లకు ఆజ్ఞలన్నీ వరసగా అప్పజెప్పేదాన్ని. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే. అట్లాంటి నన్ను పట్టుకొని విశ్వాసం తక్కువ అంటే దుఃఖంతో పాటు కోపం కూడా వచ్చింది. ఆ కోపాన్ని ఆమె మీద తీర్చుకోలేక నా మీదే తీర్చుకున్నాను. ఈసారి బిడ్డ పుడితే విశ్వాసం చాలక పోగొట్టుకునేది లేదని మనసులో గట్టిగా అనుకున్నాను.

మా క్రైస్తవ సంఘంలో ఒక అలవాటు ఉండేది. ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న మట్టి గురిగి ఉంటుంది. పొద్దున జొన్నలు విసరడానికి కూర్చునే ముందు ఇంటి ఆడది పిడికెడు గింజలు తీసి, దేవుణ్ణి తలుచుకొని ఆ గురిగిలో వేస్తుంది. ఐతారం, అదే ఆదివారం నాడు ఆడవాళ్లందరూ గురుగులు తీసుకొచ్చి ప్రార్థన గుడిలో పెద్ద గంపలో పోస్తారు. ఆ గింజల్ని ముసలివాళ్లకు, దిక్కులేనివాళ్లకు పంచుతారు. మా ఇంట్లో ఆ పని మా అత్తది. నేను కాపురానికి వచ్చిన కొన్నాళ్లకు నాకు అప్పగించింది.

మా అత్త భక్తి చూస్తే నాకు సిగ్గేసేది. ఆమె వేసే పిడికిలిలో పది గింజలుంటే ఎక్కువ. కొన్ని రోజులు మరిచే పోయేది. ఐతారం పాస్టరు అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టగానే గోడకు ఆనుకొని నిద్రపోయేది. కీర్తన ఒక్కటి కూడా చివరిదాకా రాదు. ఇక ఆమె ప్రార్థనంటారా, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టే ఉండేది. "అయ్యా, వాన రాకపాయె. బర్రెకు గడ్డి లేదు. జర చూడు" అని లేచిపోయేది. చేవెళ్ల పిల్లను నేను, ఆ ఇంట్లో దేవుడికి సరైన లెక్కలో మర్యాద చేసేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

రెండో బిడ్డ పుట్టేనాటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. పండిన కాస్తలో కొంత లెవీ అని సర్కారు కొలిపించుకుపోయింది. నా పెనిమిటి అజీజ్‌నగర్ వైపు ఒకరి పొలంలో జీతానికి ఉండి వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. అత్త పొద్దున్నే కలుపుకు పోతే మళ్లీ పొద్దు గూకాకే వచ్చేది. ఇంట్లో నేనూ పసిపిల్లా మిగిలేవాళ్లం.

ఇక నా పని మొదలుపెట్టాను. ముందు పిడికిలి కాస్త పెద్దది చేశాను. తర్వాత దోసిలి చేశాను. ఇంట్లో ఉన్న గింజలే తక్కువ కదా, మరి ఆ దోసిలి ఎక్కణ్నుంచి వస్తుంది? నా వాటా నుంచి తీశాను. శుక్రవారం ఉపవాసం అందరికీ ఉన్నదే, నేను బుధవారం కూడా చేర్చాను. కోడి కూయకముందే లేచి చల్లటి నేల మీద మోకాళ్లూని, విశ్వాసం వచ్చిందా లేదా అని నా గుండెను నేనే తడిమి చూసుకునేదాన్ని. లోపల ఏమీ తగిలేది కాదు. భయం ఒక్కటే తగిలేది. రాలేదంటే ఇంకా చాలలేదన్నమాట అనుకొని మరో దోసిలి పోసేదాన్ని.

రెండో నెలలో పాలు తగ్గాయి. ఇప్పుడు తలుచుకుంటే నా బుర్ర ఎటు పోయిందా అనిపిస్తుంది. తిండి లేని బాలింతకు పాలు రావని వాడలో చిన్నపిల్లకు కూడా తెలుసు. నేను మాత్రం దాన్ని దేవుడిచ్చిన సూచనగా తీసుకున్నాను. నా విశ్వాసం తగ్గుతోంది గనక పాలు తగ్గుతున్నాయి అనుకున్నాను. సోమవారం కూడా ఉపవాసం మొదలైంది. అత్త అడిగితే పగలే తిన్నానని చెప్పేదాన్ని. దేవుడి కోసం అబద్ధమాడినా తప్పు లేదనుకునేంత దూరం వెళ్లాను. పిల్ల మొదట్లో ఏడ్చి గోల చేసేది. తర్వాత ఏడవడం తగ్గింది. నా ప్రార్థన పని చేస్తున్నదని సంతోషపడ్డాను కూడా.

ఒకరోజు మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరమడంతో కలుపు ఆపేసి అత్త ముందుగానే ఇంటికి వచ్చింది. నేను గోడకు ఆనుకొని పిల్లకు రొమ్ము పట్టి కూర్చున్నాను. పిల్ల నోరు కదుపుతోంది గాని గుటక వేయడం లేదు. అత్త కొడవలి గడప దగ్గర పెట్టి, వంగి పిల్ల ముఖం చూసింది. వేలితో పెదవి తుడిచి చూసింది. ఎక్కడా తడి లేదు.

"బుక్కెడన్న తిన్నవా ఇయ్యాల?" అంది.

"ఉపాసమున్న అత్తమ్మా."

"నిన్న?"

తల దించుకొని పిల్ల మీద కొంగు కప్పాను.

"ఎందుకే? ఎవలు జెప్పిన్రు నీకు?"

"విశ్వాసం కోసం" అన్నాను. "ఈ పిల్లన్న దక్కాలె గద."

ఆమె లేచింది. ఇంటి గింజల కుండ మూత తీసి చూసింది. అందులో అడుగున నాలుగు గింజలున్నాయి. తర్వాత గురిగి చూసింది. అది మూతిదాకా నిండి, పైన శిఖరం కట్టి ఉంది. ఆమె గురిగి ఎత్తి చేటలో బోర్లించింది.

"అత్తమ్మా! అవి దేవునియి!" అని అరిచాను.

"ఎరుకే" అని, ఇసుర్రాయి ముందు కూర్చుంది.

పిల్లను మంచం మీద వేసి పరుగున వెళ్లి ఇసుర్రాయి పిడి పట్టుకున్నాను. ఆమె తిప్పుతోంది, నేను ఆపుతున్నాను. చూసేవాళ్లుంటే అత్తాకోడళ్లు గింజల కోసం కొట్టుకుంటున్నారని నవ్వేవారు. ఆమెకు అప్పటికే యాభై దాటాయి. ఒక్క చేత్తో రాయిని నాతో సహా తిప్పేసింది. నేను పక్కకు ఒరిగిపోయాను.

"ముసల్దాని చెయ్యి ఆపే బలం లేదు నీకు" అంది, తిప్పుడు ఆపకుండానే. "దేవుని చెయ్యి గుంజుకొస్తనంటవు."

ఆ రవ్వతో సంకటిలాంటి జొన్న గట్క ఉడికించింది. ఇంత ఉప్పు, ఒక ఉల్లిగడ్డ వేసి నా ముందు పెట్టింది. నేను ముట్టలేదు. అవి తింటే పిల్ల పోతుందని నాకు ఖాయంగా అనిపించింది. ఆ మాటే ఏడుస్తూ చెప్పాను. అప్పుడు ఆమె నా ఎదురుగా కూర్చుంది. పెళ్లైన నాలుగేళ్లలో ఆమె నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

"నేను ఏడుగుర్ని గన్న. నలుగురు పోయిన్రు. పోయినోళ్లు నాకు విశ్వాసం లేక పోయిన్రా? ఉన్న ముగ్గురు నా విశ్వాసం జూసి ఉన్నరా? గట్లయితే నా అంత మొద్దుకు ఒక్కరన్న మిగులుదురా? నాకు సదువు రాదు. మొక్కుడు రాదు. పొద్దంత వంగి కలుపు దీస్తే, గుడిల కూసుంటే నిద్రొస్తది. ఆయనకు ఎరుక లేదా? పండుకోనిస్తడు. నేను ఆయన్ని పట్టుకోలే బిడ్డా, నాతోని కాదు. ఆయనే నన్ను ఇడువలే. నలుగుర్ని మన్నువెట్టిననాడు గూడ ఇడువలే. తిను."

తిన్నాను. ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ, గిన్నె అడుగు వేలితో నాకి మరీ తిన్నాను. ఆకలి ఎంత పెద్దదో అది తగ్గుతున్నప్పుడే నాకు తెలిసింది.

ఆ పూట నుంచి అత్త కలుపుకు పోలేదు. మూడు పూటలా గట్క పెట్టి, నేను మింగేదాకా ఎదురుగా కూర్చుంది. గురిగి ఖాళీ అయ్యేదాకా దేవుడి గింజలే తిన్నాను. పిల్లకు బర్రె పాలు నీళ్లు కలిపి గుడ్డ తడిపి చీకించింది. ఐదో రోజు పొద్దున పిల్ల నిద్ర లేచి గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపుకే పాలొచ్చి నా రవిక తడిసింది. పిల్ల గుటక గుటకకూ చప్పుడు చేస్తూ తాగుతుంటే, నా లోపల నెలల తరబడి బిగపట్టి ఉన్నదేదో వదిలింది. హమ్మయ్య అని పైకే అన్నాను. అత్త పొయ్యి ఊదుతూ నవ్వింది.

ముందే చెప్పేస్తాను, ఆ పిల్ల బతికింది. ఇప్పుడామె మనవలను ఎత్తుకుంటోంది. కానీ నీ విశ్వాసం వల్లే బతికిందని ఎవరైనా నాతో అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆమె తర్వాత పుట్టిన మగపిల్లాడు తొమ్మిది రోజులకే పోయాడు. గుండె పగిలేలా ఏడ్చాను గాని, నాలో ఏం తక్కువైందని వెతుక్కోలేదు. ఆ వెతుకులాట ఆ జొన్న గట్కతోనే పోయింది.

అయితే అంత తేలిగ్గా పోలేదు. ఐతారం ఒకటి మిగిలి ఉంది.

శనివారం మళ్లీ భయం పట్టుకుంది. గురిగి ఖాళీ. అందులోంచి తిన్నవాళ్లు మా సంఘంలో అప్పటిదాకా ఎవరూ లేరు. పాలు ఇచ్చిన దేవుడు రేపు లెక్క అడిగి పిల్లను తీసుకుంటే? పక్కింట్లో నాలుగు దోసిళ్లు అడిగి తెచ్చి నింపేద్దామని అత్తను బతిమాలాను. లేదంటే నాకు జ్వరమని చెప్పి తననొక్కదాన్నే వెళ్లమన్నాను. "పా, పోదం" అంది. అంతే. పిల్లను తను ఎత్తుకొని, ఖాళీ గురిగి నా చేతికిచ్చింది.

ఆ రోజు అయ్యగారు కూడా వచ్చారు. పదిహేను రోజులకోసారి ఎడ్లబండిలో వచ్చే మనిషి, తక్కువ మాట్లాడేవారు. ప్రార్థన గుడి అంటే మట్టి గోడలు, తాటాకు కప్పు. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు గురుగులు గంపలో పోస్తున్నారు. నా వంతు వచ్చింది. ఎప్పుడూ నాదే అందరికంటే నిండుగా ఉండేది, నేను కాస్త మెల్లగా అందరికీ కనిపించేలా పోసేదాన్ని కూడా. ఆ రోజు గురిగిని కొంగు చాటున దాచుకొని నిలబడ్డాను. అత్త నా చేతిలోంచి గురిగి తీసుకొని గంప మీద బోర్లించింది. ఒక్క గింజ రాలలేదు.

"ఏందమ్మా?" అన్నారు అయ్యగారు.

"మా కోడలు తిన్నదయ్యగారు. నేనే వండి పెట్టిన. బాలింతకు పాలు ఎండినయ్."

గట్టిగా ప్రార్థన చేసే ఆమె నా వైపే చూస్తోంది. అయ్యగారు నన్ను అడిగారు, "ఇప్పుడు పిల్ల పాలు తాగుతున్నదా?"

ఏడుస్తూనే తల ఊపాను.

"మరెందుకమ్మా ఏడుస్తున్నవు?"

దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. "నాకు విశ్వాసం లేదయ్యగారు" అన్నాను, అందరి ముందూ. "ఎంత జేసినా రాలే. ఉపాసమున్న, మోకాళ్లు అరిగినయ్, గింజలన్నీ పోసిన. రాలే."

ఆయన కోప్పడలేదు. ఆశ్చర్యపోలేదు కూడా. "లేదని ఆయనకే చెప్పు తల్లీ. అది గూడ ఆయనే ఇయ్యాలె. నువ్వు జేసుకునేదైతే ఆయన ఎందుకు మనకు?" అని, గంప దగ్గరికి వంగి, "కొంగు పట్టు" అన్నారు.

నేను వెనక్కి జరిగాను. "నాకొద్దయ్యగారు. అవి దిక్కులేనోళ్లకు గద."

"పట్టమ్మా" అన్నారు.

నేను అన్నాళ్లూ ఆ గంపలో పోసిన దోసిళ్లలో ఒక్కటి కూడా నాకు ఇంత కష్టం కాలేదు. పుచ్చుకోవడానికి కొంగు చాపాలంటే చేతులు రాలేదు. చివరికి చాపాను. ఆయన రెండు చేతులతో గింజలెత్తి పోశారు, మళ్లీ పోశారు. బరువుకు కొంగు జారుతుంటే గట్టిగా ప్రార్థన చేసే ఆమె లేచి వచ్చి ఒక అంచు సర్ది ముడిలా మడిచి నా చేతికిచ్చింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

అయ్యగారు ప్రార్థిద్దామన్నారు. అందరూ మోకాళ్లూని చేతులు జోడించారు. నేను మోకాళ్లూనితే గింజలు ఒలికిపోతాయి. చేతులు జోడిద్దామంటే రెండూ కొంగుకే సరిపోయాయి. దేవుడికి చెప్పడానికి ఒక్క మాటా తోచలేదు. ఆ రోజు ఆ గుడిలో నేను చేసిందేమీ లేదు. ఇచ్చింది పట్టుకొని నిలబడ్డాను, అంతే.