జెండా అని ముందే కేకెయ్యాలి

బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన డిసెంబరులో ఖాకీ బట్ట కనిపిస్తే చాలు, నాకు భయమేసేది. పోస్ట్‌మ్యాన్‌దీ ఖాకీయే, పోలీసుదీ ఖాకీయే, ఆఖరికి బస్సు కండక్టర్‌దీ ఖాకీయే. దేవుడిచ్చిన ఇన్ని రంగుల్లో సర్కారుకు ఇదొక్కటే దొరికిందా అని తిట్టుకునేదాన్ని. మా ఆయన పంజాబు సరిహద్దులో ఉన్నాడు. పెళ్లయి ఎనిమిది నెలలు. ఉత్తరం వచ్చి ఇరవై రోజులు.

హిందూపురం నుంచి మా అమ్మ రమ్మని కబురు పెట్టినా పోలేదు. టెలిగ్రాం వస్తే ధర్మవరానికి, మా అత్తగారింటికే వస్తుంది. నేను లేనప్పుడు వస్తుందేమోనని ఇంకో భయం.

మామ పట్టుచీరలు నేసేవాడు. ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. మైల పడిన మగ్గం మీది చీరను పెళ్లికూతురు కట్టకూడదు. చావు కబురు వస్తే, ముక్కాలు నేసిన చీరైనా సరే, కోసెయ్యాల్సిందే.

ఆ పొద్దున మామ గుంత మగ్గంలో, నేల గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని, ఎవరిదో పెళ్లి ముహూర్తం చీర నేస్తున్నాడు. నేను పక్కన పట్టుదారం కండెలకు చుడుతున్నాను. వాకిట్లో బూట్ల చప్పుడైంది. చూస్తే ఖాకీ బట్టల మనిషి. ఒక చెయ్యి లేదు, ఖాళీ చొక్కా చేతిని మడిచి కుట్టించుకున్నాడు. రెండో చేతిలో ఏదో కాగితం.

"మిలిటరీలో ఉండే పిల్లోని ఇల్లు ఇదేనా?" అన్నాడు.

మామ కత్తెర తీసి మగ్గం మీది పడుగుకు పెట్టాడు. పట్టుపోగులు తెగుతున్న చప్పుడు వింటూ, నా బతుకు ఇంతటితో సరి అనుకున్నాను. ఏడుపు కూడా రాలేదు.

"ఏమప్పా, చీర కోస్తాండావు?" వచ్చినాయన బిత్తరపోయాడు. "ఈ పొద్దు మిలిటరోళ్ల కోసం చందాలెత్తే జెండాల దినం. మిలిటరీ ఇండ్లకు మొదట ఇచ్చి పోదామని వస్తి."

అతని చేతిలోనూ జేబులోనూ ఎరుపు, ముదురు నీలం, లేత నీలం చారల కాగితపు జెండాలు. మామ గుంతలోనే తల వాల్చి భోరుమన్నాడు. ఏడుపు తీరాక కోపం వచ్చింది.

"ఆ గుడ్డలేసుకొని మాటా పలుకూ లేకుండా వాకిలి తొక్కుతావా? వీధి మొదట్లోనే జెండా అని కేకెయ్యి!"

తనను చావు కబురు తెచ్చినవాడనుకున్నామని తెలిసి అతను టోపీ తీశాడు. "తప్పయిందప్పా. యుద్ధంలో నా చెయ్యి పోయిందని ఇంటికి తంతి, టెలిగ్రాం పోయినప్పుడు మాయమ్మ ఎట్లుండెనో నేను చూడల్యా. ఇప్పుడు చూస్తి."

మరుసటేడు నుంచి వీధి మొదట్లోనే అతని గొంతు వినిపించేది: "జెండానప్పా! జెండానే!"

మా ఆయన క్షేమంగా తిరిగొచ్చాడు. ఎనభైల్లో రిటైరయ్యాక పెనుకొండలో ఇల్లు కట్టుకున్నాం. మొదటి జెండాల దినానికి తాను కూడా ఇంటింటికీ తిరుగుతానని పాత యూనిఫారం ఇస్త్రీ చేసుకున్నాడు. అది చూడగానే నాకు ఆ ఖాకీ మనిషి వాకిట్లోకి వచ్చిన పొద్దు గుర్తొచ్చింది. మామ చీర కోసిన సంగతి అన్నాళ్లూ దాచి, అప్పుడు చెప్పాను. ఆయన యూనిఫారం మడిచి పెట్టెలో పెట్టి, తెల్లచొక్కా తొడుక్కున్నాడు.

నేనూ వెంట పోయాను. వీధి మొదట్లో నిలబడి గట్టిగా కేకేశాడు: "జెండానమ్మా! జెండానే!"

మూడో ఇంటామె కొడుకు కాశ్మీరులో ఉన్నాడు. కేక వినగానే ఆమె నవ్వుతూ ఎదురొచ్చింది.