గ్రామసింహానికి మెడపట్టీ

నిన్న మెట్ల దగ్గర పై వాటా ఆయన తన కొత్త కుక్కను నాకు పరిచయం చేశాడు. దాని తాత ఏ దేశంవాడో, నాయనమ్మ ఎక్కడ బహుమతి కొట్టిందో పెళ్లిసంబంధం చెప్పినంత వివరంగా చెప్పి, గేటు బయట దుమ్ములో పడుకున్న కుక్కను చూపించి "అదేం జాతండీ?" అన్నాడు. "గ్రామసింహం" అన్నాను. "ఏ దేశానిది?" అన్నాడు. జువ్వలదిన్నె పక్కదని చెప్పి పైకొచ్చాను గానీ, అప్పట్నుంచీ నాకు కుదురు లేదు.

అరవైల మొదట్లో చదువైపోయి, ఉద్యోగం దొరక్క, ఆ సముద్రపొడ్డు ఊళ్లో మా మేనత్త ఇంట్లో దిగబడ్డాను. మామయ్య తెలుగు పండితుడిగా రిటైరైనా పాఠం మానలేదు. ఉప్పందుకోమన్నా వ్యుత్పత్తి చెప్పి అందించేవాడు. ఆ వీధిలో నాలాగే పనిలేక తిరిగే జీవి ఇంకోటుండేది. రంగు ఎండుచేపది, ఒక చెవి ఆకాశానికి, ఒకటి నేలకి. అది మొరిగితే సముద్రం రెండడుగులు వెనక్కి జరిగేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. పొద్దున పడవల దగ్గర, మధ్యాహ్నం కళ్లాల్లో, సాయంత్రం ఎవరి అరుగు దొరికితే వారి అరుగు మీద. ప్రతి ఇంట్లోనూ చివరి ముద్ద దానిది. చివరికి ముందు ముద్ద చాలాసార్లు నాది.

"గ్రామసింహమంటే ఎగతాళికి పుట్టిన మాటరా" అనేవాడు మామయ్య. "అడవి దాటినా సింహం సింహమే. వీధి దాటితే ఇది ఉత్త కుక్క."

"అడవి దాటిన సింహాన్ని మీరు యాడ చూసినారు?" అనేది అత్త.

ఒకరోజు దండోరా వేసినారు. మెడకు పట్టీ లేని కుక్కల్ని మర్నాడు బోనుబండి ఎక్కిస్తారట. ఆ బండి అల్లూరు వైపు పోవడం చూసినవాళ్లున్నారు గానీ, అందులోంచి కుక్క తిరిగి రావడం చూసినవాళ్లు లేరు.

"ఏమండీ, మన కుక్కకొక పట్టీ..." అంది అత్త.

"మనదెప్పుడైంది?" అని మామయ్య పుస్తకంలో తల దూర్చాడు. ఆ పూట ఒక్క పేజీ తిరగలేదు. నేను వీధి ఈ కొసనుంచి ఆ కొసకు తిరిగి ఇసుకలో కాలువ తవ్వినంత పని చేశాను. వీధిలో ఎవరికీ కాలు నిలవలేదు; ఎవరి కళ్లూ కలవలేదు.

మర్నాడు బండి వచ్చింది. కుక్క కూడా పడవల దగ్గర్నుంచి గంట మోగించుకుంటూ ఎదురొచ్చింది. దాని మెడ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. వలతాడుకు కట్టిన బెండు, ఎద్దు గంట, నల్లతాడు, ఎవరి జడదో రిబ్బను. సంతలో సగం దాని మెడలోనే ఉంది.

"ఎవరిది?" అన్నాడు పంచాయతీ మనిషి.

"బెండు నాదన్నా, కుక్కా నాదే" అంది చేపలమ్మే అక్క.

"గంట మా ఎద్దుది. నీదెట్టయితాది?" అన్నాడు ఎదురింటి రైతు.

"నీ ఎద్దుకే నువ్వు గడ్డి వెయ్యవు, కుక్కకు కూడేస్తావా!"

ఆ కేకలకు పంచాయతీ మనిషి తల పట్టుకున్నాడు. "ఇన్ని పట్టీలుంటే ఏదీ లేనట్టే. ఎక్కించండయ్యా!" అని వలతాడు పట్టి లాగాడు. కుక్క నాలుగు కాళ్లూ ఇసుకలో నాటింది. అత్త పరుగున వెళ్లి దాని మెడ పట్టుకుని, ఉన్నట్టుండి ఆగిపోయింది. అన్నిటికంటే అడుగున, అందరికంటే ముందు ఎవరో కట్టినది, ఒక జరీ అంచు.

"ఇది మీ సన్మానం శాలువాది గదా!"

ఆ శాలువాను అత్తను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు మామయ్య. గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు.

"సింహాన్ని అడవిదంటాం గానీ ఫలానావాడిదంటామా, నాయనా? ఇది గ్రామానిది."

"పాఠాలు నాకొద్దు సామీ. రేపెవర్నన్నా కరిస్తే ఎవర్నడగాల?"

"నన్నడుగు."

పంచాయతీ మనిషి తాడు వదిలాడు. బండి ఖాళీగా మలుపు తిరిగింది.

"ఎగతాళి మాటన్నారే?" అంది అత్త లోపలికి వస్తూ.

"పుట్టినప్పుడు ఎగతాళే. తర్వాత పెరిగింది" అన్నాడు మామయ్య.

ఇందాక పెరుగన్నం తీసుకుని కిందికి వెళ్లాను. గేటు దగ్గర కుక్క లేదు. మెట్లెక్కుతూ ఒక్కో తలుపూ తట్టి, ఎవరైనా చూశారా అని అడిగాను. "మాది కాదండీ" అన్నారు అందరూ, మర్యాదగా. ఆ వీధికీ ఈ మెట్లకీ మధ్య గడిచినవి ఉత్త ఏళ్లే అనుకున్నాను, ఇన్నాళ్లూ.