నిచ్చెన దాచిన చేతులు

బిమూర్జాని ఊళ్లో పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అతను "తల జాగ్రత్త". తల జాగ్రత్త ఆవులు కొండెక్కాయట, తల జాగ్రత్త ఇంట్లో చుట్టాలట, అని చెప్పుకుంటారు. తాతలనాటి బురుజు చూడవచ్చేవాళ్లని ఇరవై ఆరేళ్లుగా అతనే పైకి తీసుకెళుతున్నాడు. ఒక్కో అంతస్తు కప్పులో మనిషి దూరేంత కంత ఉంటుంది. కంత వచ్చినప్పుడల్లా "తల జాగ్రత్త" అంటాడు. ఎక్కేటప్పుడు నాలుగుసార్లు, దిగేటప్పుడు నాలుగుసార్లు. ఏడు దేశాల వాళ్ల దగ్గర ఆ ముక్క నేర్చుకున్నాడు. ఆ ఏడు భాషల్లోనూ రెండో మాట రాదు.

భయం అతనికి పుట్టుకతో వచ్చిన చుట్టం. లావుపాటి వాళ్లు వస్తే నడుముకి తాడు కడతాడు. సన్నటివాళ్లు వస్తే గాలికి పోతారేమోనని మళ్లీ తాడే కడతాడు. ఎక్కినవాళ్లని లెక్కపెడతాడు, దిగినవాళ్లని లెక్కపెడతాడు, అయినా రాత్రి పక్కమీద "ఆ ఎర్రటోపీ ఆయన దిగాడంటావా?" అని భార్యని లేపుతాడు. లామ్‌జిరా అటు తిరిగి పడుకుని, "దిగి, మనింట్లో తిని, మూడు గ్లాసులు తాగి, నీ భుజం మీద ఏడ్చి మరీ వెళ్లాడయ్యా," అంటుంది.

ఇన్ని భయాల కింద ఒక పెద్ద భయం ఉంది. అది భార్యకి కూడా తెలియదు. బురుజు మూడో అంతస్తులో, ఉత్తరపు గోడమీద, తాతగారి నల్ల గొంగళి వేలాడుతూ ఉంటుంది. పైన కొండమేక కొమ్ములు, కింద గొంగళి. చూసినవాళ్లు ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటారు. పదకొండేళ్ల కిందట దుమ్ము దులుపుదామని బిమూర్జా ఆ గొంగళి కొస ఎత్తాడు. వెనక గోడకి బీట! పై మూలనుంచి పాము దిగినట్టు దిగుతోంది. నిప్పు ముట్టుకున్నట్టు గొంగళి వదిలేశాడు. కింది దాకా ఎంత ఉందో చూడలేదు. ఆ తర్వాత మళ్లీ ఎత్తలేదు. చూస్తే పెరుగుతుందేమోనని అతని భయం.

ఈ వేసవిలో పట్నం నుంచి కబురొచ్చింది. ఊళ్లోని ఏడు బురుజుల్నీ ఒక్కొక్కటిగా చూసి, గట్టిగా ఉన్నవాటికి జనం ఎక్కొచ్చని బోర్డు పెడతారు. లేనివాటి తలుపుకి అడ్డంగా పలకలు కొట్టేస్తారు. పలకలు కొట్టిన బురుజులోకి ఇంటివాడైనా సరే అడుగుపెట్టకూడదు. కబురు విన్న రోజునుంచి బిమూర్జాకి ముద్ద దిగలేదు. తన బురుజు తలుపుకి మేకులు దిగుతున్న చప్పుడు నిద్రలో కూడా వినబడేది.

చూడటానికి వచ్చినావిడ పేరు ఎతెరీ. నలభై దాటిన మనిషి, మోకాళ్లకి తోలు తొడుగులు, చేతిలో చిన్న సుత్తి. పదిగంటలకి మాల్ఖాజ్ వ్యానులో దిగింది. రెండింటికి అదే వ్యానులో కిందికి వెళ్లిపోవాలంది.

"ముందు లోపలికి రండమ్మా, రొట్టె వేడిగా ఉంది," అన్నాడు బిమూర్జా.

"పని అయ్యాకే తింటాను బాబాయ్."

"ఒక్క ముక్క. గ్లాసు ముట్టుకుంటే చాలు."

"తాగి నిచ్చెనెక్కమంటారా? మీరే గదా జాగ్రత్త మనిషి!"

ఆ మాటకి లామ్‌జిరా పకపకా నవ్వింది. బిమూర్జా మాత్రం నవ్వలేకపోయాడు. వచ్చిన గడపలో రొట్టె ముట్టని మనిషి తీర్పు చెప్పడానికి వచ్చినట్టే అనిపించింది.

బురుజు తలుపు నేలమీద ఉండదు. రెండు నిలువుల ఎత్తున ఉంటుంది. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. నిచ్చెన వేసి, తాడు పట్టుకుని అతను కూడా బయల్దేరబోతే ఎతెరీ చెయ్యడ్డం పెట్టింది.

"నేనొక్కదాన్నే వెళతాను. పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే నాకు రాయి మాట వినబడదు."

"కంతల దగ్గర..."

"తల జాగ్రత్త. తెలుసు. వ్యానులోనే చెప్పారు."

ఆవిడ లోపలికెళ్లింది. బిమూర్జా కింద బండమీద కూచున్నాడు. కాసేపటికి సుత్తి చప్పుడు మొదలైంది. టక్, టక్. వైద్యుడు రోగి వీపు మీద కొట్టినట్టు. ఒకటో అంతస్తు. రెండో అంతస్తు. ప్రతి దెబ్బా అతని రొమ్ము మీదే పడింది. మూడో అంతస్తుకి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. తూర్పు గోడ, దక్షిణం గోడ, పడమర గోడ. ఉత్తరం వైపు చప్పుడు రాలేదు. వింటోందా? చూస్తోందా? గొంగళి ఎత్తిందా?

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి లామ్‌జిరా కేక. "ఏమయ్యోయ్! పందులు బంగాళాదుంప చేలో పడ్డాయి! నువ్వక్కడ గోడకి కాపలానా?"

పరిగెత్తాడు. నాలుగు పందులు, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కు. తోలి, కంచె కంత మూసి వెనక్కి వచ్చేసరికి లోయలోంచి పొగమంచు పైకి పాకింది. బురుజు పై సగం కనబడలేదు. చెవి ఒగ్గి విన్నాడు. సుత్తి చప్పుడు లేదు. దిగి ఇంట్లోకి వెళ్లిందన్న మాట, అనుకున్నాడు.

ఆ ఇంట్లో ఒక పాత కట్టడి ఉంది. మంచు దిగితే నిచ్చెన తియ్యాలి. ఇంటికీ ఇంటికీ మధ్య పగ రగిలిన రోజుల్లో శత్రువు మంచు చాటునే వచ్చేవాడు. ఇంటిల్లిపాదీ బురుజెక్కి నిచ్చెన లోపలికి లాక్కునేవాళ్లు. ఆ పగలన్నీ పోయి ఎన్నో ఏళ్లయింది, కట్టడి మాత్రం చేతుల్లో మిగిలింది. మూడు తరాలుగా ఆ ఇంటి మగవాళ్లు మంచు చూస్తే చాలు, లోకంలో ఏ ఆలోచనలో ఉన్నా, నిచ్చెన ఎత్తి గొడ్ల చావట్లో పెట్టేస్తారు. బిమూర్జా మనసు గొంగళి దగ్గరుంది. చేతులు వాటి పని అవి చేసేశాయి. నిచ్చెన వెళ్లి ఆవు పక్కన నిలబడింది.

ఎతెరీ మాత్రం బురుజు నాలుగో అంతస్తులో, చూరు కింద, కొలతలు రాసుకుంటోంది.

ఇంట్లోకి వస్తే బల్ల నిండా వంటకాలు. మాంసం కూరిన రొట్టె, జున్నులో మెదిపిన బంగాళాదుంప, వెల్లుల్లి ఉప్పు. కుర్చీ మాత్రం ఖాళీ.

"ఏదీ?" అన్నాడు.

"ఏదీ అని నన్నడుగుతావేం? నీతోనే గదా ఉంది!"

"దిగిపోయింది."

"దిగితే ఇంట్లోకి రాదా? ఏమన్నావు ఆవిణ్ని?"

బిమూర్జా మొహం సున్నం కొట్టినట్టయింది. కళ్లముందు గొంగళి లేచింది. బీట చూసింది. మోసం చేశాడనుకుంది. తినకుండా, చెప్పకుండా వ్యానుకి వెళ్లిపోయింది!

పలకల సంగతి తర్వాత. గడపకొచ్చిన మనిషి ఎంగిలి పడకుండా వెళ్లిపోవడమా? ఆ ఊళ్లో హత్య చేసినవాడికి కూడా క్షమ ఉంది గానీ, ఈ పని చేసినవాడికి లేదు. రొట్టె గుడ్డలో చుట్టి, చల్లారకుండా కోటు లోపల పొట్టకి ఆనించుకుని పరిగెత్తాడు. దారిలో ఫాతీ అవ్వ గుమ్మంలో కొవ్వొత్తి వెలిగిస్తోంది.

"అవ్వా, పట్నం ఆవిడ ఇటు వెళ్లిందా?"

"ఎవరూ వెళ్లలేదు. ఆ రొట్టె ఎక్కడికి మోసుకెళ్తున్నావురా?"

"ఆవిడ తినకుండా వెళ్లిపోయింది అవ్వా."

అవ్వ గుండెల మీద చెయ్యేసుకుంది. "మా అత్తగారి కాలంనుంచీ మనూళ్లో ఇలాంటిది లేదు. అందుకే కాబోలు మీ బురుజులోంచి ఆడగొంతు ఏడుస్తోంది. మీ ముత్తవ్వ లేచిందిరా! చూడు, ఆవిడ కోసమే దీపం పెడుతున్నా."

ముత్తవ్వకి కూడా తెలిసిపోయిందన్నమాట, అనుకున్నాడు బిమూర్జా. ఆగకుండా వ్యాను ఆగే వంతెన దాకా వచ్చాడు. రెండున్నర దాటింది. వ్యాను లేదు. టైర్ల గుర్తులున్నాయి. మాల్ఖాజ్ ఎప్పుడూ కింది ఊరి దుకాణం దగ్గర ఆగి ఒక గ్లాసు వేసి గంటసేపు కబుర్లాడతాడు. అక్కడ పట్టుకోవచ్చు. మూడు మైళ్లు. రొట్టె జిడ్డు చొక్కా దాటి చర్మానికి అంటుతుంటే, ఏమని క్షమాపణ అడగాలో వల్లించుకుంటూ నడిచాడు. "అమ్మా, బీట నిజమే, రొట్టె మాత్రం తిను." "అమ్మా, పలకలు కొట్టించు, రొట్టె మాత్రం తిను." ఎలా మొదలుపెట్టినా వాక్యం రొట్టె దగ్గరే ఆగేది.

దుకాణం ముందు వ్యాను ఉంది. నిండా జనం. ఎతెరీ లేదు.

"ఆవిడ కోసం హారన్ కొట్టానయ్యా," అన్నాడు మాల్ఖాజ్. "అరగంట చూశా. ఆవిడ రాలేదు. మీ ఇంట్లో తాగించి పడుకోబెట్టారనుకున్నాం."

"ఇంట్లో లేదు."

"ఇంట్లో లేదు, దారిలో లేదు, వ్యానులో లేదు. మరి ఎక్కడ వదిలావు?"

"బురుజులో..." అన్నాడు బిమూర్జా. ఆ మాట అన్నాక తన చేతుల వంక చూసుకున్నాడు. అరచేతికి నిచ్చెన కర్ర జిగురు ఇంకా అంటుకుని ఉంది.

వ్యాను వెనక్కి తిరిగింది. ఒక్కరు కూడా దిగలేదు. ఇలాంటి ముచ్చట వదులుకునేవాళ్లు ఆ లోయలో పుట్టలేదు. పదకొండు మంది, ఒక మేకపిల్ల, అందరూ బురుజు కిందికొచ్చి నిలబడ్డారు. ఏటి హోరు, మంచు. పైకి చూస్తే తలుపు కంత నల్లగా ఉంది. బిమూర్జా తలెత్తి,

"అమ్మా! పైనే ఉన్నారా?" అన్నాడు.

"ఎక్కడికి పోతాను బాబాయ్? నిచ్చెన మీ దగ్గరుంటే!"

వెనక పదకొండు మందీ నోళ్లకి చేతులడ్డం పెట్టుకున్నారు. బిమూర్జా చావడికి పరిగెత్తి నిచ్చెన తెచ్చి వేశాడు.

ఎతెరీ దిగింది. పెదాలు నీలంగా ఉన్నాయి. భుజాల మీద తాతగారి నల్ల గొంగళి!

"అరిచి అరిచి గొంతు పోయింది. చలికి ఇది తీసుకున్నాను. తప్పా?"

బిమూర్జా గుడ్డలోంచి నలిగిన రొట్టె తీసి రెండు చేతులా చాచాడు. అంతసేపు వల్లించిన వాక్యం కూడా జారిపోయింది. "బీట నాకు తెలుసమ్మా. పదకొండేళ్లుగా తెలుసు," అన్నాడు.

"మరి కింది దాకా చూశారా?" అందావిడ రొట్టె కొరుకుతూ.

"లేదు. భయం."

"మోకాలెత్తున బీట మీద సున్నం ముద్ద అడ్డంగా మెత్తి ఉంది. దానిమీద మేకుతో సంవత్సరం గీశారు. డెబ్భై ఏళ్లు దాటింది. గోడ వెంట్రుకంత కదిలినా ఆ ముద్ద పగలాలి. పగల్లేదు. ఎవరో తెలివైనవాళ్లు మెత్తారు."

"మా తాత," అన్నాడు బిమూర్జా. తాత గొంగళి తగిలించింది బీట దాచడానికి కాదేమో, సున్నానికి చలి తగలకుండా కాబోలు! అది ఇక తేలదు. బండమీద కూలబడి ఏడ్చేశాడు. జనానికి ఇది కూడా నచ్చింది.

ఆ సాయంత్రం బల్ల దగ్గర ఎతెరీ కాగితం రాసింది. మూడంతస్తుల దాకా జనం ఎక్కొచ్చు. నాలుగోదానికి కంత మూసెయ్యాలి. చివర మరో షరతు పెట్టింది. బయటి నిచ్చెన ఇనప పట్టీలతో గోడకి బిగించెయ్యాలి. ఎవరూ, ఏ కారణం చేతా, తియ్యడానికి వీల్లేదు.

"మంచు దిగినప్పుడు కూడానా?" అన్నాడు బిమూర్జా.

"ముఖ్యంగా మంచు దిగినప్పుడే," అంది.

పట్టీలు బిగించి రెండేళ్లయింది. తలుపుకి పలకలు లేవు, బోర్డు ఉంది. లోయలోంచి మంచు లేస్తే చాలు, బిమూర్జా ఎక్కడున్నా లేచి వస్తాడు. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని ఒకసారి లాగుతాడు. రాదు. రాదని తెలుసు. తలెత్తి, ఆరోజు ఒక్క మనిషి ఎక్కకపోయినా సరే, "పైన ఎవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు కేకేస్తాడు. మూడో కేకకి పెరట్లోంచి లామ్‌జిరా, "ఉన్నాం, భోజనానికి రా!" అంటుంది.

అయినా కాసేపు అక్కడే నిలబడి వింటాడు.