తలుపులమ్మ అడిగిన దిబ్బ

మా ఊరి పేరున ఒకప్పుడు ఓ తాలూకా ఉండేదంటే ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు. జిల్లాల హద్దులు మార్చినప్పుడు పై దొరలెవరో దాన్ని పక్క తాలూకాలో కలిపేశారు. ఆ సంగతి బజారులో దండోరా వేయించారు గాని, కోసెడు దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న చేపలవాళ్ళ పేటకు వెళ్ళి చెప్పాలని ఎవరికీ తోచలేదు. వాళ్ళూ మనుషులేనని గుర్తుంటేగా.

ఆ పేటలో ఉండేది తలుపులమ్మ. ఆమె కాపురానికి వచ్చాక సముద్రం వాళ్ళ గుడిసెలు రెంటిని మింగింది. మూడోదాని గుమ్మం దాకా వచ్చింది. ఊళ్ళో తాలూకా కచేరీ వెనక ఎత్తయిన దిబ్బ ఒకటి ఖాళీగా పడి ఉండేది. ఎవరో అడక్కుండా అక్కడ వేసిన పాకను బంట్రోతులు పీకి పారేయడం ఆమె కళ్ళారా చూసింది. అందుకే తహసీల్దారునే అడిగింది. మకాం నుంచి వచ్చాక చూద్దాం అన్నాడాయన. ఆయన ఎప్పుడూ ఊళ్ళ మీద మకాంలోనే ఉండేవాడు. తిరిగొచ్చేసరికి ఎదురుగా ఉన్నవాళ్ళ పనే అయ్యేది.

అందుకని తలుపులమ్మ రోజూ చేపలు అమ్ముకుని, ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని కచేరీ అరుగు మీద కూర్చునేది. కచేరీకి తాళం పడినా ఆమెకు అనుమానం రాలేదు. తాలూకా ఎత్తేశారని బజారు షావుకారు చెబితే ఆయన్నే కోప్పడింది.

"తాలూకా ఏవన్నా పడవేంటండి, ఎత్తుకెళ్ళిపోడానికి? దొరగారు మకాం ఎల్లుంటారు."

మొగుడు లోవరాజు అన్నగారి ఊరు పోదామని పోరు పెట్టాడు. తాము లేనప్పుడు దొర వస్తే దిబ్బ ఇంకెవరికో పోతుందని ఆమె కదలనివ్వలేదు. ఆ కార్తీకంలో ఉప్పెన వచ్చింది. ఆమె అరుగు మీద ఉంది. లోవరాజు, ఇద్దరు పిల్లలు గుడిసెలో ఉన్నారు. శవాలు కూడా దొరకలేదు.

పేటలో బతికి బయటపడ్డవాళ్ళు ఎవరినీ అడక్కుండా ఆ దిబ్బెక్కి పాకలు వేసుకున్నారు. ఇదేమిటని ఏ కచేరీ నుంచీ ఎవరూ రాలేదు. కొత్త తాలూకా వాళ్ళకు అసలు ఆ దిబ్బ ఒకటి ఉందనే తెలియదు.

తలుపులమ్మకూ అక్కడే ఓ పాక వేసిచ్చారు. ముసలిదయ్యేదాకా అందులో ఒంటరిగా బతికింది. నేను వెళ్ళి పలకరించినప్పుడల్లా నేల చూపులు చూస్తూ ఒక్కటే మాట అనేది.

"అడక్కుండా ఏసేసుకోవాల్సిందండి."